నాలుగు ట్యాంకర్ల నీళ్లు, ఒక్క యూనిట్ కరెంటు

విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో నాదొక చిన్న షెడ్డు. రెండు లేత్‌లు, ఒక రేడియల్ డ్రిల్లు, రెండు వెల్డింగ్ సెట్లు. ఇరవై రెండేళ్లుగా షాఫ్టులు తిప్పడం, పుల్లీలు చెయ్యడం, పంపుల ఇంపెల్లర్లు బాగుచెయ్యడం నా పని. నీళ్లతో తిరిగే చక్రం చేసిపెట్టమని రెండేళ్ల కిందటి ఫిబ్రవరి దాకా నన్నెవరూ అడగలేదు.

ఆ రోజు పాడేరు మన్యంలోని పెదబయలు వైపు నుంచి ముగ్గురు వచ్చారు. మా వెల్డరుకి వాళ్లు దూరపు పరిచయం. 38 గడపల గూడెం వాళ్లది. కరెంటు స్తంభాలు రెండు కొండల ఇవతలే ఆగిపోయాయి. ఇచ్చిన సోలార్ దీపాలేమో వానాకాలం మబ్బులో ఎనిమిదింటికే కన్నుమూస్తున్నాయి. వాళ్లలో పెద్దాయన ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. రాతి మీంచి జారుతున్న గెడ్డ, అంటే కొండవాగు.

"రేత్రీ పగలూ ఇలాగ పడతానే ఉంటాది బాబూ. దీంతో మాకు లైట్లు ఎలగవా?"

వెంటనే ఏమీ చెప్పలేదు. టీ తెప్పించి ఆ వీడియో మళ్లీ మళ్లీ చూశాను. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి సగం జవాబు నాకు నలభై ఏళ్ల కిందటే తెలుసు.

మా మేనమామ మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో ఫిట్టరు. పదో తరగతి పరీక్షలయ్యాక ఆ వేసవి సెలవులకి నన్ను తీసుకెళ్లాడు. ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో ఉంటుంది అది. డుడుమ జలపాతం దగ్గర నది లోయలోకి పడుతుంది కదా, ఆ పడే ఎత్తునే వాడుకుంటూ కట్టిన కేంద్రం. 1955లో మొదలైంది. ఆరు యంత్రాలు, 120 మెగావాట్లు. పవర్‌హౌస్ లోయ అడుగున ఉంటుంది గనక వించ్ మీద దిగాలి. ఆ పెట్టెలో నిలబడి కిందికి జారుతుంటే కడుపులో తిప్పింది. కింద హాల్లో అడుగు పెట్టగానే చెప్పుల్లోంచి కాళ్లకి సన్నగా అదురు తెలిసింది. ఆ అదురు నాకింకా గుర్తే.

"మావయ్యా, ఇన్ని నీళ్లు వాడేస్తే కింద ఊళ్లకి ఏం మిగుల్తాయి?" అని అడిగాను.

"మనం నీళ్లు వాడుకోంరా. పడ్డాన్ని వాడుకుంటాం. ఎన్ని వచ్చాయో అన్నీ వెళ్లిపోతాయి" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుంటే ఈ విద్యంతా అర్థమవుతుంది. ఎత్తున ఉన్న నీటికి కిందికి రావాలనే బలం ఉంటుంది. వాగులో అయితే ఆ బలం రాళ్లని కొట్టుకుంటూ, నురగలు కక్కుతూ, చప్పుడు చేస్తూ ఖర్చయిపోతుంది. అదే నీటిని పైపులో పెట్టి దించితే ఖర్చవకుండా అడుగుదాకా వచ్చి అక్కడ ఒక్కచోట దొరుకుతుంది. ఆ ఒక్కచోట చక్రం పెడతాం.

ముందు కొలతలు కావాలి. ఏప్రిల్ మూడో వారంలో వెళ్లాను. కావాలనే ఏప్రిల్ అన్నాను. శ్రావణంలో కొలిస్తే ప్రతి గెడ్డా నదిలానే కనిపిస్తుంది. ఏడాదిలో నీళ్లు అన్నిటికంటే తక్కువున్నప్పుడు ఏం వస్తుందో అదే లెక్క. ఆర్టీసీ కాంప్లెక్సులో తెల్లవారుజామున పాడేరు బస్సెక్కి, అక్కడినుంచి జీపులో కొంత, నడిచి కొంత.

ఎత్తు కొలవడానికి ఏ పెద్ద పరికరమూ తీసుకెళ్లలేదు. మేస్త్రీలు గోడల మట్టం చూసుకునే ప్లాస్టిక్ ట్యూబు ఉంటుందే, అది చాలు. పైనున్న మనిషి ట్యూబు చివర నేలకి ఆనించి పట్టుకుంటాడు. కిందివాడు ఒకటిన్నర మీటరు కర్ర కొసకి రెండో చివర ఆనించి, పై చివర నీళ్లు అంచుకి వచ్చేదాకా వాలు దిగుతూ పోతాడు. నీళ్లు రెండు చివరలా ఒకే మట్టంలో నిలబడతాయి కాబట్టి, అక్కడికి ఒకటిన్నర మీటరు దిగినట్టు. పదకొండుసార్లు పూర్తిగా వచ్చింది, పన్నెండోసారి ఒక మీటరు. మొత్తం 17.5 మీటర్లు. కర్ర పట్టుకున్నది ఆ పెద్దాయన మనవరాలు. ఇంటర్ అయ్యి ఊళ్లోనే ఉంటోంది. మూడోసారి నుంచి నేను చెప్పకముందే లెక్క చెప్పేసింది.

నీళ్ల కొలతకి గెడ్డకి అడ్డంగా ఒక చెక్క పెట్టి, సందులు మట్టితో, గడ్డితో మూసి, చెక్క మధ్యలో 60 సెంటీమీటర్ల వెడల్పు గాటు కోశాం. నీళ్లన్నీ ఆ గాటులోంచే పోవాలి. కాస్త వెనక్కి, నీళ్లు నిలకడగా ఉన్నచోట, గాటు అంచు మీద ఎంత మందం ఉందో కొలిస్తే 22 సెంటీమీటర్ల పైచిలుకు. దానికో సూత్రం ఉంది. లెక్క కడితే సెకనుకి దాదాపు 110 లీటర్లు. అందులో 80 తీసుకుని మిగతావి గెడ్డలోనే వదిలేద్దామన్నాను. తీసుకునేచోటికీ తిరిగి కలిపేచోటికీ మధ్య ఉన్న ఆ కాస్త దూరంలో కూడా చేపలుంటాయి, పీతలుంటాయి, పశువులు నీళ్లు తాగుతాయి. ఈ విషయంలో ఎంత పెద్ద ఇంజనీరు వచ్చి చెప్పినా నేను వినను. ఎండాకాలంలో గెడ్డ మొత్తాన్ని పైపులోకి మళ్లించి తెచ్చే కరెంటు ఆ ఊరికి అక్కర్లేదు.

ఇక లెక్క. సెకనుకి ఎన్ని లీటర్లో, ఎన్ని మీటర్ల ఎత్తో, రెంటినీ గుణించి మళ్లీ 9.81తో గుణిస్తే వాట్లు వస్తాయి. పైపులో రాపిడికి, వంపులకి, చక్రానికీ కింది నీటికీ మధ్య వదలాల్సిన ఖాళీకి ఒకటిన్నర మీటరు తీసేశాను. మిగిలింది 16 మీటర్లు. 80 లీటర్లు, 16 మీటర్లు అంటే నీటిలో ఉన్న బలం పన్నెండున్నర కిలోవాట్లు. అదంతా చేతికి రాదు. షెడ్డులో చేసిన చక్రం అందులో మూడింట రెండు వంతులు పట్టుకుంటే గొప్ప. బెల్టు కొంత తింటుంది, జనరేటరు కొంత తింటుంది. ఆఖరికి తీగలోకి ఆరున్నర కిలోవాట్లు.

దీన్ని ఇంకోలా చూశాను. ఒక కిలోవాటు గంటసేపు వస్తే ఒక యూనిట్. గంటకి ఆరున్నర యూనిట్లు రావాలంటే 2,88,000 లీటర్లు దిగాలి. అంటే ఒక్క యూనిట్‌కి 44 వేల లీటర్లు. వేసవిలో మా కాలనీకి వచ్చే పెద్ద ట్యాంకరులో 12 వేల లీటర్లు పడతాయి. దాదాపు నాలుగు ట్యాంకర్ల నీళ్లు ఐదంతస్తుల మేడ మీంచి పడితే ఒక్క యూనిట్! ఆ లెక్క వేసిన రాత్రి ఇంటికెళ్లి, మనుషుల్లేని గదిలో తిరుగుతున్న ఫ్యాను ఆపేశాను. అప్పటినుంచి ఆ అలవాటు పోలేదు.

చక్రాల్లో రకాలున్నాయి. నీళ్లు తక్కువ, ఎత్తు బాగా ఎక్కువైతే పెల్టన్ చక్రం. సన్నటి ధార వచ్చి జంట గిన్నెల్ని కొడుతుంది. మధ్యరకం ఎత్తులకి ఫ్రాన్సిస్. ఎత్తు తక్కువై నీళ్లు బోలెడుంటే ఓడ ప్రొపెల్లరులా ఉండే కప్లాన్. మాకు సరిపడింది క్రాస్‌ఫ్లో. 1903లో ఆస్ట్రేలియాలో మిచెల్ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నది, తర్వాత హంగరీలో బాంకీ అనే ప్రొఫెసరు బాగా పనిచేసి పెట్టినది. పోత అక్కర్లేదు, నమూనా అచ్చులు అక్కర్లేదు. ఇనప పైపు, ప్లేటు, వెల్డింగు ఉంటే చాలు. నాలాంటి షెడ్డువాడి కోసమే ఎవరో ఆలోచించి పెట్టినట్టుంటుంది.

దాని ఆకారం ఊహించుకోండి. రెండు గుండ్రటి ప్లేట్లు, వాటి మధ్య అంచు చుట్టూ వంపు రేకులు. ఉడత పరిగెత్తే పంజరంలా ఉంటుంది. మా చక్రం వ్యాసం 350 మిల్లీమీటర్లు, వెడల్పు 150, రేకులు 24. రేకుకి కావలసిన వంపు సరిగ్గా నాలుగంగుళాల పైపులో దొరుకుతుంది. పైపుని 150 మిల్లీమీటర్ల ముక్కలు కోసి, ఒక్కో ముక్కని నిలువునా చీల్చాం. పైపు చుట్టుకొలతలో ఐదోవంతు ఒక రేకు. కోతకి పోయేది పోగా ముక్కకి నాలుగే వస్తాయి. ఆరు ముక్కలు, ఇరవై నాలుగు రేకులు. చీల్చగానే పైపులో బిగిసి ఉన్న ఒత్తిడి విడిపోయి రేకు కాస్త విచ్చుకుంటుంది. ఒక్కోదాన్నీ అచ్చు మీద పెట్టి, మెల్లగా సుత్తితో సర్ది, ఎదుటి వెలుతురులో సందు కనిపించకుండా చూసుకున్నాం. ఆ పనికే మూడు రోజులు పట్టింది.

ప్లేట్లలో గాట్లు కొయ్యడంలో నేనెవర్నీ నమ్మలేదు, స్వయంగా చేశాను. నీటిధార చక్రం అంచుకి 16 డిగ్రీల ఏటవాలుగా తగలాలి. రేకు బయటి అంచు 30 డిగ్రీలు ఉండాలి. అప్పుడే నీళ్లు కొట్టినట్టు కాకుండా జారినట్టు లోపలికి వస్తాయి. లోపలికి వచ్చిన నీళ్లు ఖాళీగా ఉన్న మధ్యభాగం దాటి అవతలి వైపు రేకుల్ని మళ్లీ తోస్తూ బయటికి పోతాయి. ఒకే నీళ్లు రెండుసార్లు పనిచేస్తాయన్నమాట. ఇంకో మేలేమిటంటే, వచ్చేటప్పుడు రేకులకి అంటుకున్న ఆకూ అలమూ వెళ్లేటప్పుడు చాలావరకు ఆ నీళ్లే కడిగేస్తాయి.

వెల్డింగ్ ఎదురెదురు రేకులకి, ఒకటి ఇటు ఒకటి అటు. వరసగా వేసుకుంటూ పోతే వేడికి ప్లేటు ఒకవైపు లాగేస్తుంది. అంతా అయ్యాక షాఫ్టు రెండు కొసల్నీ రెండు పట్టాల అంచుల మీద పెట్టి వదిలాం. బరువెక్కువున్న వైపు తిరిగి తిరిగి అడుక్కి వచ్చి ఆగుతుంది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి, గ్రైండరుతో కాస్త తీసి, మళ్లీ వదలాలి. పొద్దున పదింటికి మొదలుపెడితే సాయంత్రం నాలుగున్నరకి, ఎక్కడ వదిలితే అక్కడ కదలకుండా ఆగింది. మా కుర్రాడు దాన్ని వేలితో తోసి చూసి "నిద్దరోయింది అన్నా" అన్నాడు. మా వృత్తిలో అంతకంటే మంచి మాట లేదు.

వేగం లెక్క కూడా చెప్పాలి. 16 మీటర్ల ఎత్తు నుంచి వచ్చే ధార సెకనుకి దాదాపు 17 మీటర్ల వేగంతో ఉంటుంది. చక్రం అంచు అందులో దాదాపు సగం వేగంతో తిరిగితే నీటిలోని బలం ఎక్కువగా దొరుకుతుంది. మా వ్యాసానికి అది నిమిషానికి 455 చుట్లు. జనరేటరు నాలుగు పోళ్లది, అంటే లోపల నాలుగు అయస్కాంత ధ్రువాలున్నది. దానికి 1500 చుట్లు తిరిగితేగానీ మన దేశంలో వాడే 50 హెర్ట్జ్ రాదు. అందుకని చక్రానికి 400 మిల్లీమీటర్ల పుల్లీ, జనరేటరుకి 120ది, మధ్యన వి-బెల్టులు. అంతా కలిపి 1500 చుట్లకి కాస్త పైన.

జనరేటరు లోపల జరిగేది 1831లో ఫారడే కనిపెట్టినదే. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. కానీ ఊళ్లో పిల్లలకి చెప్పాల్సి వచ్చినప్పుడు ఫారడే గురించి చెప్పలేదు. పాత సైకిలు ఒకటి తిరగేసి, డైనమో ఆనించి, పెడలు చేత్తో తిప్పమన్నాను. బల్బు తీగ విప్పేసినప్పుడు తేలిగ్గా తిరిగింది. తీగ కలపగానే బరువెక్కింది. ఒక చిన్నోడు మూడుసార్లు కలిపి, మూడుసార్లు విప్పి, "లైటు మన చెయ్యిని లాగతంది" అన్నాడు. అంతే సంగతి. ఊళ్లో ఎవరింట్లో స్విచ్ వేసినా ఆ బరువు బెల్టు మీదుగా చక్రానికి, చక్రం నుంచి నీటికి చేరుతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. పైపులకి ఊరివాళ్లు కాఫీ, మిరియాలు అమ్మినదాంట్లోంచి కొంత పెట్టుకున్నారు. మిగతాది నేనూ, నా ఐటీఐ స్నేహితులు కొందరమూ వేసుకున్నాం. గ్రామసభ పెట్టి తీర్మానం రాసుకున్నారు. మట్టిపనీ, రాతిపనీ ఇంటికో మనిషి చొప్పున వాళ్లే చేశారు. చక్రం, జనరేటరు, పది అంగుళాల పైపులు బొలేరో మీద వేసుకుని బయల్దేరాం. పాడేరు ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర బండి ఆపి కొబ్బరికాయ కొట్టాం. రోడ్డు ఆగినచోటు నుంచి జనరేటరుని వెదురు బొంగులకి కట్టి ఎనిమిది మంది మోశారు.

మొదటిసారి నీళ్లు వదిలింది నవంబరు చివర్లో, పొద్దు వాలుతుండగా. వాల్వు మెల్లగా తిప్పాలి. తెరిచేటప్పుడూ మెల్లగానే, మూసేటప్పుడు ఇంకా మెల్లగా. 60 మీటర్ల పైపులో పరిగెత్తుతున్న నీళ్లని ఒక్కసారి ఆపేస్తే ఆ బరువంతా వెనక్కి కొట్టి పైపుని చీల్చేస్తుంది. ముందు పైపులో గాలి బుడబుడమంటూ పోయింది. తర్వాత "శ్‌శ్" అని సన్నటి చప్పుడు. చక్రం కదిలింది. వోల్టుమీటరు ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది. 180, 200, 230. ఫ్రీక్వెన్సీ 50 దగ్గర ఊగి నిలబడింది. నేను మెయిన్ స్విచ్ వెయ్యలేదు. ఏప్రిల్లో కర్ర పట్టుకున్న ఆ అమ్మాయినే వెయ్యమన్నాను. గెడ్డ ఒడ్డు నుంచి గూడెం కనిపిస్తుంది. ఒక వరస ఇళ్లు, తర్వాత ఇంకో వరస. కేకలు మా దాకా వినిపించాయి. నేను బేరింగు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. వేడెక్కుతుందేమో చూడాలనే పెట్టాను. కానీ ఆ సన్నటి అదురు చేతికి తగలగానే మావయ్య పక్కన నిలబడ్డ హాలు గుర్తొచ్చి కళ్లు తడిశాయి.

ఇంతవరకు చెప్పినది యంత్రం కథ. అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది.

చాలా ఏళ్ల కిందట ఏజెన్సీలోనే ఇంకో చోట ఇలాంటి చిన్న కేంద్రం ఒకటి చూశాను. ఎవరు కట్టారో, ఎవరు వదిలేశారో ఇప్పుడనవసరం. తలుపు తీసి చూస్తే చక్రం బాగుంది. షాఫ్టు నిటారుగా ఉంది. జనరేటరు తీగచుట్టలు కాలలేదు. పైకెళ్లి చూస్తే పైపు మూతి దగ్గర చెత్త లోపలికి పోకుండా ఆపే జాలీ కనిపించనంతగా ఆకులూ బురదా గట్టిపడి, వాటి మీద గడ్డి మొలిచింది. పైపులోకి చుక్క నీరు పోవడం లేదు. లక్షలు పెట్టి కట్టినది ఆకుల వల్ల చచ్చిపోయింది. ఆ జాలీని రోజూ దువ్వే మనిషికి నెలకి ఇంత అని ఎవరూ అనుకోలేదు, అంతే. ఆ రోజు పడ్డ బాధ నన్ను వదల్లేదు.

అందుకే ఇక్కడ నేను అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చుని గీసుకున్నది జాలీ. గెడ్డలోంచి వచ్చిన నీళ్లు ముందు ఒక వెడల్పాటి తొట్టెలోకి వస్తాయి. వెడల్పు ఎక్కువ గనక వేగం తగ్గి ఇసుక అడుక్కి దిగుతుంది. ఇసుక చక్రానికి పోతే రేకుల అంచుల్ని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. తొట్టె అడుగున తూము, వారానికోసారి తెరిస్తే ఇసుక కొట్టుకుపోతుంది. దాని తర్వాత జాలీ. దాన్ని నిలువుగా పెట్టలేదు, వెనక్కి వాల్చి పెట్టాను. ఊచలన్నీ పైనుంచి కిందికే, అడ్డఊచ ముందువైపు ఒక్కటీ లేదు. పొలంలో వాడే దంతెలాంటిది ఒకటి చేసిచ్చాను. దాని పళ్లు ఊచల సందుల్లో సరిగ్గా పడతాయి. ఒక్క లాగు లాగితే కింది ఆకు పైకి వచ్చేస్తుంది. అడ్డఊచ ఉంటే దంతె తట్టుకుంటుంది. తట్టుకున్న పనిని మనిషి రెండో రోజు వాయిదా వేస్తాడు.

అంత చేసినా మొదటి వానాకాలంలో ఆగింది. జూలైలో ఒక రాత్రి లైట్లు మందగించి, ఇంకాసేపటికి ఆరిపోయాయి. మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి సిగ్నలు దొరికే మెట్ట ఎక్కి ఫోన్ చేసింది. "బాబాయ్, మిషను పోయినట్టుంది." నాకు టెన్షన్ పట్టుకుంది. బేరింగా, బెల్టా, వోల్టేజీని నిలకడగా ఉంచే ఏవీఆరా అనుకుంటూ సంచీ నిండా సామాన్లు వేసుకుని బస్సెక్కాను. సాయంత్రానికి చేరి ముందు తొట్టె దగ్గరికే వెళ్లాను. జాలీ మీద నల్లటి దుప్పటి పరిచినట్టుంది. చేత్తో పీకితే చాపలా ఊడి వచ్చింది. కాఫీ తోటల్లో నీడకి వేసే సిల్వర్ ఓక్ ఆకులు! ఈకలా చీలికలు చీలికలుగా ఉంటాయి కదా, ఒకదాని చీలికల్లో ఒకటి అల్లుకుపోయి, పైన ఎర్రమట్టి పూత. పనస ఆకైతే జారిపోతుంది, ఇది జారదు. మిషనుకి ఏమీ కాలేదు. పావుగంట దువ్వగానే లైట్లు వచ్చాయి. గాలివాన పడ్డ రోజు పొద్దునొకసారి చాలదని, చీకటి పడకముందు ఇంకోసారి దువ్వాలని ఆ రోజే నిర్ణయించుకున్నాం.

ఆ రాత్రి వాళ్లింట్లో చోడి (రాగి) అంబలి తాగుతుంటే అమ్మాయి వాళ్ల నాయనమ్మ ఒక మాట చెప్పింది. దానికి ముందు డ్రమ్ము సంగతి చెప్పాలి. చిన్న కేంద్రంలో నీళ్లు ఒకే తీరున వస్తుంటాయి, వాడకం మాత్రం మారుతుంటుంది. అర్ధరాత్రి అందరూ లైట్లు తీసేస్తే చక్రం మీద బరువు తగ్గి వేగం పట్టపగ్గాల్లేకుండా పెరుగుతుంది. పెద్ద కేంద్రాల్లో గవర్నరు అనే పరికరం నీటిని తగ్గిస్తుంది. చిన్నవాటిలో లోడ్ కంట్రోలరు అనే డబ్బా పెడతారు. ఊరు వాడగా మిగిలిన కరెంటునంతా అది హీటరు కాయిల్సుకి మళ్లిస్తుంది. జనరేటరుకి మాత్రం ఎప్పుడూ ఒకే బరువు. ఆ కాయిల్స్‌ని ఒక నీళ్ల డ్రమ్ములో పెట్టి, ఎర్తింగు గట్టిగా చేసి, బయటికి కొళాయి ఇచ్చాం. చలికాలం తెల్లవారుజామున ఆ కొండల్లో చన్నీళ్లు ముట్టుకోలేం. అందుకే ఊళ్లో ముసలివాళ్లంతా బిందెలతో అక్కడికి వస్తారు.

నాయనమ్మ అన్నదేమిటంటే, "ఆ రోజు లైట్లు పోకముందు సందేళే డ్రమ్ము సల్లబడిపోనాది బాబూ. ఏటో తేడా ఉందనుకున్నాను."

విని కాసేపు కదల్లేకపోయాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. జాలీ మూసుకుపోతూ నీళ్లు తగ్గుతుంటే, కంట్రోలరు ముందు కోసేది మిగులు కరెంటునే. డ్రమ్ము చల్లబడుతుంది. లైట్లు ఇంకా బాగానే ఉంటాయి. గంటా రెండు గంటల తర్వాతగానీ తేడా తెలీదు. నేను మీటర్లు చూసి కనిపెట్టవలసినది ఆమె బిందె చూసి కనిపెట్టింది. మర్నాడు పవర్‌హౌస్ గోడమీద ఎర్ర పెయింటుతో పెద్ద అక్షరాలతో రాయించాను: "డ్రమ్ము చల్లబడితే జాలీ చూడు." ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆకుల వల్ల లైట్లు ఆగలేదు.

ఇప్పుడు ఇంటికి వంద వాట్ల లెక్కన వాడుకుంటున్నారు. ఇస్త్రీ పెట్టె, హీటరు వాడకూడదని కట్టుబాటు. పగలు మిగిలిన కరెంటుతో చోడి పిండి మర ఆడుతోంది. అంతకుముందు పిండికి సంతదాకా మోసుకెళ్లేవారు. మర మీద వచ్చిన డబ్బులోంచి నెలకి ఇంతని ఆ అమ్మాయికి జీతం. జాలీ దువ్వడం, గ్రీజు పెట్టడం, బెల్టు బిగువు చూడటం, పుస్తకంలో వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రాయడం ఆమె పని. నా దృష్టిలో ఆ కేంద్రంలో ఖరీదైన భాగం ఆ జీతమే. ఎవరైనా ఇలాంటిది కట్టాలనుకుని నా దగ్గరికొస్తే నేను ముందడిగేది నీళ్లు పడే ఎత్తెంత, నీళ్లెన్ని అని కాదు. జాలీ ఎవరు దువ్వుతారు, వాళ్లకి నెలనెలా ఎవరిస్తారు?

ఇంకొక్క సంగతి. ఆ గెడ్డ కిందికెళ్లి మత్స్యగెడ్డలో కలుస్తుంది. మత్స్యగెడ్డ జోలాపుట్ జలాశయానికి పోతుంది. అక్కడినుంచి మా మావయ్య పనిచేసిన మాచ్‌ఖండ్. తర్వాత అదే నది సీలేరు పేరుతో దిగుతూ ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రాల్ని తిప్పి, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. మా 350 మిల్లీమీటర్ల చక్రం తిప్పిన నీళ్లు ఒక్క చుక్క తగ్గకుండా వాటన్నిటికీ పని చెయ్యడానికి వెళ్తున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక రోజుల తరబడి విశాఖ చీకట్లో ఉంది. నా లేత్‌లు కదల్లేదు. అప్పుడు కరెంటంటే పైనుంచి ఎవరో ఇచ్చేది, రాకపోతే కూర్చోవాలి అనే అనుకున్నాను. ఇప్పుడు షెడ్డులో స్విచ్ వేసిన ప్రతిసారీ ఏదో ఒక మెట్ట మీద, ఏదో ఒక జాలీ దగ్గర నిలబడ్డ మనిషి గుర్తొస్తారు.

ప్రస్తుతం లేత్ మీద రెండో చక్రం ఉంది. ఈసారి రేకులు స్టెయిన్‌లెస్ స్టీలు. మొదటిదాని అంచులు ఇసుకకి అప్పుడే అర మిల్లీమీటరు అరిగాయి. వచ్చే వేసవిలో మార్చేటప్పుడు ఊరు ఒక్క రాత్రికి మించి చీకట్లో ఉండకూడదని ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది. రోజూ పొద్దున్న జాలీ దువ్వాక మెట్ట మీంచి నాకు మిస్డ్ కాల్ ఇస్తుంది. ఒకటైతే అంతా బాగున్నట్టు, రెండైతే నేను తిరిగి చెయ్యాలి. ఈవేళ ఆరుంపావుకి ఒకటే వచ్చింది.